ఇటలీ సామెతలు: పలికిన నోళ్లు



ఈ రజతోత్సవ సభలో ఇటలీ దేశపు సామెతలనుగూర్చి మాట్లాడుదునని నేను చెప్పినప్పుడు కార్యదర్శిగారు ఒక నిమిషము నా ముఖమువంక చూచిరి. మనకు లేని సామెతలా యని వారి సందేహము. నిజమే. అయినను ఆ దేశమునకును మనకును చెవిచుట్టరిక మొకటి కలదు. ఇటాలియను మాటలు చాలవరకు తెలుగు మాటలవలెనే అచ్చుతో ముగియును. ‘కీ వా పియానో, వా సానో ఎ వా లొంతానో’ అను సామెతను వినుడు. అర్థము తెలియకున్నను నోటికి పట్టుబడుచున్నది. మెల్లగా నడచువాడు క్షేమముగా నడచును, దూరమును పోవును అని దాని భావము. మన ‘నిదానమే ప్రధానము’నకు అది పినతల్లి బిడ్డ.

ఆ ప్రాస ఊరక పుట్టినది కాదు. 1861లో ఇటలీ యొక్క రాజ్యముగా ఏర్పడునాటికి అచ్చట నూటికి 70 మందికి పైగా చదువను వ్రాయను రానివారే. వారికి పంచాంగమైనను, వ్యవసాయశాస్త్రమైనను, ధర్మశాస్త్రమైనను నోటనే యుండవలెను. నోట నిలువవలెనన్న ప్రాస కావలెను.

‘మంచు క్రింద రొట్టె, వాన క్రింద ఆకలి’ అని వారి రైతులందురు. మంచు కురియుట యెరుగని మనకు ఇది వింతగా తోచును. అచ్చట గోధుమను చలికాలమునకు ముందు చల్లి వేసవిలో కోయుదురు. నడుమ నేలపై మంచు దుప్పటివలె కప్పుకొన్నచో లేతమొలకలు కొరికివేయు చలినుండి బ్రతికి బయటపడును. పిమ్మట ఆ మంచే మెల్లగా కరగి నేలకు తేమనిచ్చును. శీతకాలమంతయు వానలే పట్టినచో చేను నీరునిలిచి వేళ్లు కుళ్లును. ఒక జీవితకాలపు సేద్యము నాలుగు మాటలలో నిమిడినది.

ఇట్టి సామెతలలో వివాదము లేదు. మరికొన్నిటి సంగతి అట్లు కాదు. నవంబరు 11 అచ్చట సాన్ మార్తీనో అను పుణ్యపురుషుని పండుగ. ‘సాన్ మార్తీనో నాటికి పిండిన ద్రాక్షరసమంతయు మద్యమగును’ అని సామెత. ఆ దినమున కొత్త పీపాలు తెరచి రుచి చూతురు. ఇంతవరకే విన్నవారు, ఆహా, ఎంత సంతోషము గల పల్లెలని యనుకొందురు. కాని ఉత్తరపు మైదానములలో కౌలు ఒప్పందముల గడువు తీరుటయు ఆ దినముననే. భూస్వామి మరల ఒప్పుకొననిచో కుటుంబమంతయు మంచములు, కుండలు, కోళ్లగంపలు బండికెత్తి వేరొక పొలమునకు తరలవలసివచ్చెడిది. అందుచేత ఆ ప్రాంతములో ‘సాన్ మార్తీనో చేయుట’ అనగా ఇల్లు మారుట యని పలుకుబడి యయ్యెను. పండుగ యొక్కటియే. పీపా తెరచినవాని మాట యొకటి, బండి కట్టినవాని మాట వేరొకటి.

సామెతలన్నియు ప్రజల నోట పుట్టినవని మన మనుకొందుము. నాకు అంత నమ్మకము లేదు. ‘భార్యను, ఎద్దులను నీ యూరినుండియే తెచ్చుకొనుము’ అని ఇటలీలో ప్రసిద్ధమైన సామెత కలదు. భార్యను ఎద్దులతో ఒక్క కాడికి కట్టినవాడు తప్పక పురుషుడే యైయుండును!

అంతకంటె గట్టి నిదర్శన మొకటి చెప్పెదను. ‘బేరిపండుతో జున్ను ఎంత రుచియో రైతుకు తెలియనీకుము.’ ఇక్కడ జున్ననగా మన జున్నుపాల జున్ను కాదు. పాలు విరిచి, ఉప్పు చేర్చి, నెలల తరబడి నిలువచేయునది. జున్ను పూర్వము పేదవాని తిండి. మేలైన బేరిపండ్లు దొరల బల్లమీది వేడుక. రెండును కలిపి తినుట రైతు మరగినచో దొరవాటాకు పండ్లు తగ్గునని భయము. మధ్య ఇటలీలో సేద్యము చాలవరకు సగపాలు పద్ధతిని సాగెడిది. భూమి దొరది, చాకిరి రైతుది, పంట చెరిసగము. కొత్తగా అట్టి ఒప్పందములు వ్రాయరాదని చట్టము వచ్చినది 1964లో మాత్రమే. చెట్టునకు నీరు పోసినవానికి పండు రుచి తెలియరాదన్న ఈ మాట పొలములో పుట్టినదందురా? రైతులు దీనికొక తోక తగిలించిరి: ‘రైతు అంత వెర్రివాడు కాడు, దొరకంటె ముందే అతనికి తెలియును.’ ఈ తోక యన్న నాకు మిక్కిలి ప్రీతి.

‘పాతదారి విడిచి కొత్తదారి పట్టువానికి విడిచినదేదో తెలియును, దొరకబోవునదేదో తెలియదు’ అని పెద్దలు పిల్లలను హెచ్చరించెడివారు. అయినను 1876 మొదలు 1915 వరకు సుమారు 1 కోటి 40 లక్షలమంది ఆ దేశము విడిచి అమెరికా ఖండములకును, ఐరోపాలోని ఇతర దేశములకును పోయిరి. వారు సామెతను మరచిరని నే ననుకొనను. విడుచుచున్నదేదో వారికి చక్కగా తెలియును, అందుకే విడిచిరి.

ఆ కాలముననే సిసిలీ ద్వీపములోని పలెర్మో నగరమున జూసెప్పె పిత్రే అను వైద్యుడుండెను. నావికుని కుమారుడు. రోగులను చూడబోవుచు, వారి నోట విన్న కథలను, పాటలను, సామెతలను వ్రాసికొనెను. 1871 నుండి 1913 వరకు అచ్చైన 25 సంపుటములలో నాలుగు కేవలము సామెతలే. టస్కనీలో జూస్తి కవి కూర్చిన సామెతలు ఆయన మరణానంతరము 1853లోనే వెలువడినవి. మన తెలుగు సామెతలను కార్ అను దొర మద్రాసున 1868లో అచ్చువేయించెను. పిత్రే సంపుటములనుండి సామెతలు గ్రహించి వెర్గా అను రచయిత 1881లో ‘ఇ మాలవోల్యా’ యను నవల వెలువరించెను. అందులో ఒక జాలరి తాతకు ప్రతి కష్టమునకును ఒక సామెత సిద్ధముగా నుండును. అరువు తెచ్చిన సరకుతో పడవ తుపానున పడును, కుమారుడు మరణించును, అప్పు క్రింద ఇల్లు పోవును. తాత సామెతలు అబద్ధములు కావు. అయినను వడ్డీ ఆగలేదు.

కార్యదర్శిగారికి ఒక విన్నపము. మన పఠనమందిరమున బల్లమీద ఒక తెల్లకాగితముల పుస్తక ముంచుడు. పెద్దలు చెప్పు సామెతలను చదువుకొన్న పిల్లలు అందులో వ్రాయుదురు గాక. ప్రక్కన మరియొక గడి గీయించి, ఆ మాటను మొదట ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అనగా విన్నారో అదియు వ్రాయింపుడు. మొదటి పుటకు మా అమ్మమ్మ మాటలు నాలుగు నేనే వ్రాసి యిచ్చెదను.