బాట ప్రక్క వ్యాపారము – పంచాయతీ బాధ్యత
(కొల్లాపూరు ప్రాంత పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



కల్వకుర్తి నుండి నాగర్‌కర్నూలు, కొల్లాపూరుల మీదుగా సోమశిల వైపు సాగు బాట నేడు 167కె సంఖ్య గల జాతీయ రహదారి. సోమశిల కడ కృష్ణానదిపై వంతెన నిర్మాణమునకు 1,082 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆమోదము తెలిపినది. నది దాటి నంద్యాల చేరు మార్గము దగ్గరైన కొలది బాట వెంట భూమికి గిరాకి పెరుగును. మామిడిపండ్ల గంపల ప్రక్కన చాయ్ హోటళ్లు, ధాబాలు, పంక్చరు దుకాణములు, పెట్రోలు బంకులు వెలయును. దీనిని మేము కీడుగా భావించుట లేదు. శ్రీశైలము జలాశయములో పొలము పోగొట్టుకొన్న కుటుంబములు ఈ ప్రాంతమున అనేకము కలవు. అట్టివారి బిడ్డలకు బాట ప్రక్క చిన్న దుకాణము కూడ ఒక జీవనాధారమే.

అయినను కలహము పుట్టునది అచ్చటనే. ఒక రైతు బాట ప్రక్కనున్న తన అర ఎకరములో ధాబా కట్టదలచినాడనుకొందము. ఆవలి ప్రక్క బడి కలదు. లారీలు ఆగిన పిల్లలు బాట దాటుటెట్లని తల్లులు అడుగుదురు. పది మందికి పని దొరకునని యువకులు అందురు. పంచాయతీ నేడు రేపనుచు మాట దాటవేయును. ఈలోగా రైతు అప్పు తెచ్చి పునాది వేయును, గోడలు లేచును. అప్పుడు పంచాయతీ నోటీసు పంపును. పునాది వేసిన పిదప వచ్చు అభ్యంతరము ఎంత న్యాయమైనదైనను చూచువారికి కక్షగానే కనిపించును. రైతు నష్టపోవును, ఊరు రెండుగా చీలును. ఇందు మొదటి తప్పు రైతుది కాదు, వేళకు సమాధానమీయని పంచాయతీదేనని మా అభిప్రాయము.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామములో ఇల్లు గాని దుకాణము గాని పంచాయతీ అనుమతి లేక కట్టరాదు. పెద్ద కట్టడమైనచో పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖవారి సాంకేతిక ఆమోదము కూడ వలయును. సాగు భూమి అయినచో దానిని వ్యవసాయేతర భూమిగా మార్చుటకు రెవెన్యూ శాఖకు పోవలయును. జాతీయ రహదారిలోనికి దారి తీయుటకు 2002 నాటి రహదారుల చట్టము క్రింద రహదారి అధికారుల అనుమతి వేరుగా పొందవలయును. పంచాయతీ చీటీ ఒక్కటి చేత నున్నంత మాత్రమున అన్నియు ముగిసినవని దరఖాస్తుదారుని భ్రమపడనీయరాదు. ఈ మాట మొదటి దినముననే అతనికి చెప్పుట మంచిది.

ఇక కొలతలు. ఊరి వెలుపలి మైదాన ప్రాంతములలో జాతీయ రహదారి నడి గీత నుండి 40 మీటర్ల లోపల కట్టడము కూడదని, 75 మీటర్ల వరకు కట్టునది రహదారి శాఖ అదుపునకు లోబడి యుండవలెనని రహదారి ప్రమాణములు చెప్పుచున్నవి. ఇది నడి గీత నుండి కొలుచు కొలత.

మద్యపు దుకాణముల కొలత వేరు. జాతీయ, రాష్ట్ర రహదారుల వెలుపలి అంచు నుండి 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పినది. 20,000 గాని అంతకు తక్కువ గాని జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరమును 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించినది. అదే సంవత్సరము జూలైలో పురపాలక సంఘముల పరిధిలోని దుకాణములకు ఆ నిషేధము అడ్డుకాదని వివరించినది. గ్రామ పంచాయతీల ప్రాంతములకు కూడ ఆ వివరణ వర్తించునా యనుట తేల్చు పనిని 2018 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వములకు విడిచినది. కావున ఇట్టి దరఖాస్తు విషయమున ఎవరో చెప్పిన సంఖ్యను నమ్మక, నేడు అమలులో నున్న నిబంధనను ఎక్సైజు శాఖ నుండి వ్రాతపూర్వకముగా తెప్పించుకొనవలయును.

ఆ తీర్పు పిదప జరిగిన వింతలు కూడ వినదగినవే. చండీగఢ్‌లో రహదారుల పేరునే మార్చి వేరు తరగతిలో చేర్చిరి. కేరళలో ఎర్ణాకుళము జిల్లాలోని ఒక మద్యశాలవారు స్థలము మార్చక, గోడల నడుమ వంకర టింకర దారి కట్టి నడక దూరమును పెంచిరి! నియమమును కాగితముపై మాత్రమే నిలుపుకొన్నచో మనుష్యుని తెలివి దానిని ఎట్లు చుట్టి పోవునో చూడుడు.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. మోటారు బండ్లు పెరిగిన కాలమున ఇంగ్లండులో బాటల వెంట ఇండ్లు, దుకాణములు తోరణమువలె పేరుకొని రాకపోకలకు అడ్డు కాగా, 1935లో ప్రత్యేక చట్టము చేసి ముఖ్యమైన బాటల నడిమి నుండి 220 అడుగుల లోపలి కట్టడములను అదుపులో నుంచిరి. (ఆ అడుగులను మన 220 మీటర్లతో కలుపుకొనకుడు!) అప్పటికే వెలసిన వరుసలను మాత్రము ఆ చట్టము తీసివేయలేకపోయినది.

సభ్యులకు మరియొక మాట సూటిగా చెప్పెదము. మీలో ఒకరికి బాట ప్రక్క హోటలు ఉండి, దాని ఎదుట మరియొకరు హోటలు పెట్ట వచ్చినచో, ఆ దరఖాస్తుపై చర్చ జరుగునపుడు ఆ సభ్యుడు ప్రక్కకు తొలగుట మర్యాద. పోటీ వ్యాపారము వచ్చునను భయము అనుమతి నిరాకరించుటకు కారణము కాజాలదు. బడిపిల్లల రాకపోకలు, మురుగునీటి పారుదల, లారీలు నిలుచు తావు, రాత్రివేళ వెలుతురు – ఇవి కారణములు. నిరాకరించినచో వీనిలో ఏది కారణమో తీర్మానములో వ్రాయుడు. అనుమతించినచో షరతులను కూడ అందే వ్రాయుడు. లారీలు బాటపై గాక హోటలు ఆవరణలోనే నిలువవలెనను ఒక్క షరతుతోనే తల్లుల భయము చాలవరకు తీరవచ్చును.

గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలసినదే కదా! దరఖాస్తు వచ్చిన వెంటనే సర్పంచి, కార్యదర్శి, దరఖాస్తుదారుడు, అభ్యంతరము చెప్పువారు కలిసి స్థలమునకు పోయి, అందరి ఎదుట టేపు పట్టి కొలువవలయును. నడి గీత నుండి ఎంత, అంచు నుండి ఎంత, బడి గేటు నుండి ఎంత అని ఒక కాగితముపై పటము గీసి, అందరి చేత సంతకములు చేయించి, ఆ పటమును తరువాతి గ్రామసభలో చదివి వినిపింపుడు. 50 మీటర్ల టేపు ఒకటి పంచాయతీ కార్యాలయములో లేనిచో ఈ వారమే కొనుడు.