పట్టా ఎవరి పేరున ఉంది?

వెనక వరసలో మా హాస్టల్ పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. ఫోన్లు లోపల పెట్టక్కర్లేదు, ఈరోజు నా మాటలు వాటి గురించే.

సంఘం వాళ్ళు నన్ను "యువత, టెక్నాలజీ" మీద మాట్లాడమన్నారు. నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, కంప్యూటర్లు చదవలేదు. కాబట్టి ఒక వెబ్‌సైట్ ఎలా పోయిందో, తర్వాత మేము ఏం నేర్చుకున్నామో, అంతే చెబుతాను.

సీతంపేట కొండల్లో ఒక ఊళ్ళో మహిళా సంఘం ఉంది. పసుపు, చోడిపిండి, చింతపండు, కొండచీపుర్లు అమ్ముతారు. లెక్కలు రాసే అమ్మాయి ఇక్కడ ఎచ్చెర్లలో మా హాస్టల్లో ఉండి చదువుకున్నదే. రెండేళ్ళ కిందట ఫోన్ చేసి, "మేడమ్, మా సంఘానికి వెబ్‌సైట్ చేసిపెడతామంటన్నారు, పద్దెనిమిది వేలు అడుగుతున్నారు. చేయించుకోమంటారా?" అంది. "మంచిదే కదమ్మా, చేయించుకోండి" అన్నాను. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. జరిగినదాంట్లో నా తప్పు అది.

సైట్ వచ్చింది. మొదటి పేజీలో నవ్వుతున్న ఆడవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళెవరో మనకి తెలీదు, మన ఊళ్ళవాళ్ళు మాత్రం కారు. పసుపు అయిపోయిన నెలల్లో కూడా "ఇప్పుడే కొనండి" అని ఉండేది. ఏడాది తిరిగేసరికి సైట్ తెరుచుకోవడం మానేసింది. చేసినతని ఫోన్ పనిచెయ్యదు. ఆరా తీస్తే, సంఘం పేరుతో ఉన్న ఆ చిరునామాను అతను తన పేరునే, తన ఈమెయిల్ మీదే కొన్నాడు. అప్పటికే ఆ చిరునామా అచ్చువేసిన సంచులు తెప్పించేశారు. అవి ఇంకా ఒక మూల కట్టలుగా పడున్నాయి.

ఈ కథ మనకి కొత్తదా? సాగు మనది, కాగితం ఇంకొకరి పేరున. ఏజెన్సీలో ఆ బాధ పడ్డాకే కదా 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించి 1/70 తెచ్చారు. కొండసరుకు దగ్గర దళారుల చేతిలో మోసపోకుండా 1956లో గిరిజన సహకార సంస్థ, మన జి.సి.సి., పెట్టారు. భూమి దగ్గర, తూకం దగ్గర మన పెద్దలు జాగ్రత్త నేర్చుకున్నారు. ఇంటర్నెట్ దగ్గర నేర్చుకోవలసింది మీరు.

సంగతి ఇది. వెబ్‌సైట్ చిరునామా ఎవరూ శాశ్వతంగా కొనేది కాదు, ఏడాదికో కొన్నేళ్ళకో కడుతూ ఉండాలి. మామూలు డాట్ ఇన్ పేరు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. పేజీలు ఉంచే చోటుకి అద్దె వేరే, దాన్ని హోస్టింగ్ అంటారు. గడువు దాటిపోయి వదిలేస్తే ఆ పేరును ఇంకెవరైనా తీసుకోవచ్చు. ఎవరి పేరున నమోదైంది, ఏ ఈమెయిల్‌కి గడువు కబురు వస్తుంది, ఏ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది? ఈ మూడూ సంఘానివై ఉండాలి. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి. ఆ ఇద్దరు ఎవరో తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి.

ఒక ఆదివారం ఆ అమ్మాయి మా హాస్టల్‌కి వచ్చింది. "ఈసారి ఇంకా మంచి సైట్ చేయిద్దాం మేడమ్" అంది. నేను వరండాలో కాగితం, పెన్ను పెట్టి, "ముందు ఇది చెప్పు. ఇప్పటిదాకా మీ పసుపు ఎవరు కొన్నారు?" అని అడిగాను. తెలీదంది. సరే అని ఫోన్‌పేలో డబ్బులు వేసినవాళ్ళ పేర్లన్నీ ఇద్దరం కూర్చుని కాగితం మీద రాశాం. చాలావరకు ఒకప్పుడు ఏజెన్సీలో పనిచేసి శ్రీకాకుళానికో విశాఖపట్నానికో బదిలీ అయిన టీచర్లు, నర్సులు, వాళ్ళ చుట్టాలు. వీళ్ళకి సైట్ అవసరం లేదు. సరుకు ఉందా, ధర ఎంత, ఎప్పుడు పంపుతారు అన్నవే వాళ్ళ ప్రశ్నలు. దానికి వాట్సాప్ బిజినెస్ చాలు. అందులో సరుకుల జాబితా ఫొటోలతో పెట్టుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

"మరి ఫోన్ ఎవరు ఎత్తుతారు?" అన్నాను. పైన ఊళ్ళో సిగ్నల్ లేదు. సంతకి దిగినప్పుడే అందుతుంది. అందుకని "సంత రోజున జవాబిస్తాం" అని ముందే రాసి పెట్టాం. చిన్న పనే, కానీ అది లేక ఎంతమంది కోపం తెచ్చుకుని మానేశారో.

అలా అడుగుతూ పోతే జాబితా చిక్కిపోయింది. కొండచీపురు పొడుగు, పార్సిల్‌లో వంగిపోతుంది, పంపే ఖర్చు చీపురు ధరను మింగేస్తుంది. అది సంతకే. చోడిపిండి ఉంటుంది, కానీ నగరంలో కొత్తవాళ్ళు వెతికేది "రాగి పిండి" అని. కాబట్టి రెండు పేర్లూ రాయాలి, మన మాటను తీసెయ్యకూడదు. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. క్యూఆర్ కోడ్ ఆ అమ్మాయి సొంత ఖాతాది కాదు, సంఘం ఖాతాది ఉండాలి. రేపు పెళ్ళై వెళ్ళిపోతే? దీనికి మాత్రం ఆమె కాస్త ముఖం ముడుచుకుంది! ఇంకోటి, డబ్బు రావడానికి పిన్ నొక్కమని ఎవరైనా అంటే అది మోసం. ఇది మీ అమ్మలకి ఈ రాత్రే చెప్పండి.

అరకు సంగతి అడుగుతారని నాకు తెలుసు. అవును, అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. జి.సి.సి. తేనె, కాఫీ ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. కానీ వాటి వెనక రైతుల సహకార సంఘాలున్నాయి, పండు ఏరడం దగ్గర నుంచి గింజ గ్రేడింగ్ దాకా ఏళ్ళ తరబడి పని ఉంది. మనకి కనిపించే పేజీ అన్నిటికన్నా ఆఖరున వచ్చింది.

వెబ్‌సైట్ వద్దని నేను అనడం లేదు. తెలియని కొనుగోలుదారు నమ్మాలంటే ఒకచోట మన ఊరు, మన మనుషులు, మన పొలం కనిపించాలి. పాత చిరునామా దక్కలేదు గానీ, కొంచెం మార్చి కొత్త పేరు సంఘం ఈమెయిల్ మీద తీసుకున్నాం. గడువు తేదీ సంఘం గోడ మీద సున్నంతో రాయించారు, అది వాళ్ళ ఆలోచనే. సైట్ ఇంకా కట్టలేదు. పసుపు తవ్వేటప్పుడు ఫొటోలు తీసి, నాలుగు పేజీలు చాలనుకున్నాం.

ఆ ఫొటోలు తీయడానికి మీలో ఇద్దరు కావాలి. యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతున్నవాళ్ళు ఒకరు వస్తే ఇంకా మంచిది. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వరండాలో ఉంటాను. మీ ఇంట్లోవాళ్ళు ఏదైనా అమ్ముతుంటే, కొన్నవాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుని మరీ రండి.