సెలవుల పిదప బడి: ఊరి బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



తెలంగాణమున వేసవి సెలవులు ముగిసి సాధారణముగా జూన్ 12వ తేదీన బడులు తెరచుచుందురు. అప్పటికి మృగశిర కార్తె ప్రవేశించియుండును. రైతు విత్తనమునకు సిద్ధపడు దినములును, బాలుడు పుస్తకములు చేతబట్టు దినములును ఒక్కటే. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో ఇల్లు పనితో నిండియుండు సమయమున పిల్లవాడు బడికి మరల వలసియున్నాడు. కావున వానిని చదువునకు తిరిగి అలవరచుట ఉపాధ్యాయుని పని మాత్రమే కాదు, ఊరందరి పని.

ఎండకు గట్టిపడిన చెలక ఒక్క జల్లునకే నాగలికి లొంగదు. బాలుని మనస్సును అట్టిదే. 1885లో జర్మనీ పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకొని, నేర్చినదానిలో ఎక్కువ భాగము త్వరితముగనే మరపునకు వచ్చుననియు, మరచినదానిని మరల నేర్చుటకు మొదటికంటె తక్కువ శ్రమ చాలుననియు చూపెను. 1996లో అమెరికాలో హారిస్ కూపర్ మొదలగువారు అనేక పరిశోధనల ఫలితములను కలిపి చూచి, వేసవి సెలవులలో సగటున నెల చదువునకు సమానమైన నష్టము కలుగుననియు, అది చదువుటలోకంటె లెక్కలలో హెచ్చనియు తెలిపిరి. కావున జూన్ మాసమున ఎక్కములు తడబడు బాలుడు మొద్దు కాడు. వానికి పునశ్చరణ కావలెను.

బడి తెరచుటకు వారము ముందునుండియే పిల్లలను వేళకు పరుండబెట్టి వేళకు లేపవలెను. సంతకు తోడుకొనిపోయి బేరము, చిల్లర లెక్క వారిచేతనే చేయింపవలెను. బడిలో మొదటి దినములు కొత్త పాఠమునకు గాక, పాత పాఠము నెమరువేయుటకు వినియోగింపవలెను. బెత్తము పనికిరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము శారీరక దండనమును, మానసిక హింసను నిషేధించినది.

ఇంతకంటె గొప్ప ఆపద మరియొకటి కలదు. అది ముగియని సెలవు. పాలమూరు కూలీలు దేశమున ఎన్నియో ఆనకట్టలు కట్టిరి. తల్లిదండ్రులతో వలసపోయిన పిల్లవాడు నెలల తరబడి బడికి దూరమై, తిరిగివచ్చిన పిదప తనకంటె చిన్నవారి నడుమ కూర్చొనుటకు సిగ్గుపడి పశువుల వెంట పోవును. గద్వాల ప్రాంతపు విత్తన పత్తి చేలలో సాయంకాలము మగ తంతువులు తొలగించి ఉదయము పుప్పొడి అద్దు పనికి బాలికలను నియోగించుట ఎంతో కాలము సాగినది. దసరా సెలవులు ఆ పనుల మధ్యనే వచ్చును. బతుకమ్మ పండుగ గడచినను చేనినుండి బడికి మరలని బాలిక చదువు అంతటితో ముగియుటయు కలదు.

ఇది తీరని కష్టము కాదు. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు పనిలోనున్న పిల్లలకు శిబిరములు నడిపి బడులలో చేర్చిరి. ఆ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానము లభించినది. బడి మానిన పిల్లవానిని వయసునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ నీయవలెనని విద్యాహక్కు చట్టము 4వ విభాగము చెప్పుచున్నది. ఈ మాట ప్రతి తల్లికిని తెలియవలెను.

కరోనా కాలము ఊరూరికి ఈ పాఠము నేర్పినది. 2020 మార్చిలో మూతపడిన ప్రాథమిక పాఠశాలలు 2021 సెప్టెంబరు 1వ తేదీననే తెరచిరి. ఒకటవ తరగతిలో ఇంటికి వెళ్లిన శిశువు మూడవ తరగతిలో వచ్చి కూర్చొనెను. నడిమి తరగతి బడిలో చదువనేలేదు. దూరదర్శన్ యాదగిరిలో పాఠములు వచ్చినను, అక్షరము దిద్దించు చేయి ప్రక్కన లేని పిల్లలు వెనుకబడిరి.

గ్రంథాలయము ఆ చేయి కావచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి, తెలుగు చదువు అరుదైన కాలమున, తెలంగాణమున గ్రంథాలయములే అక్షరమునకు నీడనిచ్చినవి. నేడును సెలవుల ముందు దినమున ప్రతి బాలునకు ఒక కథల పుస్తకమును ఇంటికీయవచ్చును. చదువురాని అవ్వకు వాడు దానిని బిగ్గరగా చదివి వినిపించినచో ఇరువురికిని లాభమే. బడి తెరచిన మొదటి వారమున రాని పిల్లల పేర్లు ఉపాధ్యాయునినుండి తీసుకొని, సభ్యులిద్దరు వారి యింటికి పోయి మంచిమాటతో కారణము తెలిసికొనవలెను. రెండవ వారము దాటనీయరాదు.

గ్రంథాలయపు బీరువాలు నిండియుండుట శోభయే. ఆ పుస్తకములు చదువదగిన పిల్లవాడు ఒక్కడైనను చేనిలో నిలిచిపోకుండ చూచుట ఈ రజతోత్సవమునకు తగిన దీక్ష యగుగాక!