దుమ్ము ఊపిరితిత్తులతో ఆగదు
(క్రషర్ కూలీల సభలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



క్రషర్ కూలీకి దగ్గొస్తే టి.బి. అంటారు. కాళ్లు వాచి, కిడ్నీలు చెడితే తాగి చెడ్డాడంటారు. రెండు మాటలూ యజమానికే లాభం. తప్పు మనదవుతుంది గానీ దుమ్ముది కాదు. క్వారీ లీజు ఎవరిది? దుమ్ము పీల్చేదెవరు? మాల, మాదిగ, వడ్డెర, ఆదివాసి కూలీలు!

రాయిలో, ముఖ్యంగా పలుగురాయిలో, సిలికా ఉంటుంది. రాయి పగిలినప్పుడు కంటికానని పొడి లేచి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ మచ్చకట్టి మెత్తటి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. దీన్ని నయంచేసే మందు లేదు. ఇది ఉన్నవాళ్లకు టి.బి. కూడా తొందరగా అంటుకుంటుంది.

దుమ్ము అక్కడితో ఆగదు. నెత్తురును వడగట్టే జల్లెడలు కిడ్నీలు. సిలికా పీల్చే కూలీల్లో కిడ్నీ జబ్బు ఎక్కువని పలు దేశాల పరిశోధనల్లో తేలింది. సిలికా వల్ల రెచ్చిన ఒంటి రక్షణశక్తి మన కిడ్నీల మీదే తిరగబడుతుంది. కిడ్నీలు చెడితే నీరు బయటికి పోక ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఆయాసం రెట్టింపవుతుంది. ఒళ్లునొప్పులకని రోజూ మింగే బిళ్లలు కిడ్నీలకు ఇంకో దెబ్బ.

ప్రతి కిడ్నీ జబ్బూ దుమ్ము వల్లేనని నేననను. షుగరు, బి.పి. కూడా కారణాలే. కానీ ఇరవయ్యేళ్లు దుమ్ములో బతికిన మనిషిని నీ పనేమిటని అడక్కుండా వైద్యం ఎట్లా చేస్తారు?

అందుకే ఆసుపత్రికి పోతే ఏం పని, ఎన్నేళ్లుగా అన్నది చీటీ మీద రాయించండి. ఛాతీ ఎక్స్‌రేతో పాటు ఉచ్చలో ఆల్బుమిన్, నెత్తురులో క్రియాటినిన్ పరీక్షలు అడగండి. కూలి చీటీలు, ఆసుపత్రి కాగితాలు దాచుకోండి. రేపు అవే మన సాక్ష్యం.

గుజరాత్‌లో పలుగురాయి పొడిచేసే మిల్లుల్లో పనిచేసి మధ్యప్రదేశ్ ఆదివాసులు 238 మంది సిలికోసిస్‌తో చచ్చిపోయారు. ఒక్కో కుటుంబానికి 3 లక్షలు ఇమ్మని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఏళ్ల తరబడి కొట్లాడితేనే అది వచ్చింది. చచ్చాక వచ్చింది.

మనం బతికుండగానే అడగాలి. రాయి మీద నీళ్లు చల్లాలి. దుమ్ము లేచేచోట మూతలు పెట్టాలి. మూతికి తువ్వాలు కడితే ఆ పొడి ఆగదు, సరైన మాస్కులివ్వాలి. కూలీలందరికీ ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, కిడ్నీ పరీక్ష యజమాని ఖర్చుతో చేయించాలి.

మనం అడిగేది దయ కాదు, మన ఊపిరి. జై భీమ్!