స్టెంట్ తర్వాత అందరికీ ఒకే మందులా?

ఇంట్లో ఎవరికైనా స్టెంట్ వేశారా? అయితే ఈ ఎపిసోడ్ మీకే.

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన్ని ఊహించుకోండి. గుండెపోటు తర్వాత రామిప్రిల్ రాశారు. పొడి దగ్గు మొదలైంది. "మిరప ఘాటులే" అనుకుంటాడు. తగ్గకపోతే విసిగిపోయి మాత్రలన్నీ మానేస్తాడు. నాకు భయం ఇక్కడే! రామిప్రిల్‌తో కొందరికి దగ్గు వస్తుంది. బదులుగా టెల్మిసార్టాన్ లాంటిది ఇవ్వొచ్చు. కానీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఆపేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి, మళ్లీ గుండెపోటు రావచ్చు.

ప్రకాశంలో ఎండలో మిరపకోతకెళ్లే అమ్మ సంగతి వేరు. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతుంటే కళ్లు తిరగొచ్చు. ఆమె డోసు మళ్లీ చూడాలి.

కొలెస్ట్రాల్ కూడా అంతే. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని 2019 యూరప్ మార్గదర్శకాలు చెప్పాయి. కొందరికి స్టాటిన్ చాలు, కొందరికి ఎజెటిమైబ్ కలపాలి.

అందుకే నేను చెప్పేదొక్కటే. మాత్రల షీట్లు ఫోన్‌లో ఫొటో తీయండి. దగ్గు ఎప్పుడు మొదలైందో, మీవాళ్లు చేసే పనేంటో డాక్టరుగారికి చెప్పండి. మందు మార్చేది ఆయనే, మనం కాదు. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం!