ఉద్వాసన వార్తలు: విచారణ, బాధ్యత

స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన చోడవరమున ఉద్వాసన యను మాట తెలియని ఇల్లుండదు. పూజ ముగిసిన పిదప దేవుని భక్తితో సాగనంపుటయే ఉద్వాసన. ఆ మాటయే పత్రికల శీర్షికలలో ఉద్యోగమునుండి తొలగించుట యను అర్థమును పొందినది. "వందలమందికి ఉద్వాసన" అని వినినంతనే సంసారుల గుండె ఝల్లుమనును. అట్టి వార్తను నిజానిజములు తేల్చుకొనక ముందే ప్రకటింపవచ్చునా? ఈ ప్రశ్నను నేడు శ్రోతల యెదుట ఉంచదలచితిమి.

2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆ యేట అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము చెరకు పండు సీమ. ఇట్టి సీమలో ఒక చక్కెర కర్మాగారమున పనివారిని తీసివేయుచున్నారని పుకారు పుట్టెననుకొందము. అది కార్మికుల ఇండ్లతో ఆగదు. తన చెరకు ఎవరు ఆడుదురని రైతు కలవరపడును. కిరాణా కొట్టువాడు అరువు నిలిపివేయును. కుదిరిన పెండ్లి మాటలు సైతము వెనుకకు పోవచ్చును. ఇక బిడ్డలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో కంప్యూటరు కొలువులు చేయుచున్న తల్లిదండ్రులకు అచటి వార్తయు ఇంటి వార్తయే.

అట్టి కంపెనీలలో నొకటైన టి.సి.ఎస్. విషయమున జరిగినది గమనింపదగినది. 2014 చివరను, 2015 జనవరిలోను ఆ సంస్థ 25,000 మందిని తొలగింపబోవుచున్నదని ప్రచారము సాగెను. సంస్థ దానిని ఖండించి, ఆ ఆర్థిక సంవత్సరమున అప్పటికి పంపివేసినవారు 2,574 మంది యని తెలిపెను. అప్పుడు అందు పనిచేయువారు మూడు లక్షలకు పైబడియుండిరి. ప్రచారమైన సంఖ్యకును సంస్థ చెప్పిన సంఖ్యకును దాదాపు పదిరెట్ల భేదము కలదు.

అట్లని వదంతులన్నియు వట్టివని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2025 జూలైలో ఆ సంస్థయే తన ఉద్యోగులలో నూటికి ఇద్దరిని, అనగా సుమారు 12,000 మందిని, తగ్గింపనున్నట్లు స్వయముగా ప్రకటించెను. కావున ఉద్యోగుల ఫిర్యాదువలెనే యాజమాన్యపు ఖండనయు ఒక పక్షము చెప్పిన మాటయే. రెంటిని పరీక్షింపవలెను.

అతిశయోక్తి వలన మరియొక కీడు కలదు. ఇరువదియైదు వేలన్నది నిలువకపోయినప్పుడు "అంతయు పుకారే" యని జనులు ఊరట చెందుదురు. నిజముగా కొలువు కోల్పోయినవారి మొర ఆ ఊరటలో అణగిపోవును. సత్యశోధన యాజమాన్యమునకు చేయు ఉపకారమని కొందరు తలంతురు. బాధితునకు అంతకు మించిన అండ లేదని మా అభిప్రాయము.

కొలువు విడుచుట పలు తెరగులు. రాజీనామా వేరు, పదవీ విరమణ వేరు, ఒప్పందపు గడువు తీరుట వేరు, తొలగింపు వేరు. "తానే వెళ్ళినాడు" అని యాజమాన్యము చెప్పును; "బలవంతముగా రాజీనామా వ్రాయించుకొనిరి" అని ఉద్యోగి చెప్పును. ఉత్తరువు కలదా? కార్మికశాఖకు ఫిర్యాదు చేరినదా? చెప్పువాడు కన్నవాడా, విన్నవాడా? విలేఖరి వీనిని అడిగి తెలిసికొనవలెను. తేలనిచో ఎవరేమనిరో అంతమాత్రమే వ్రాసి, తేలలేదని స్పష్టముగా చెప్పవలెను. ఒక వ్యక్తిని పేరుపెట్టి, "అక్రమము చేసినందున పంపివేసిరి" అని వ్రాయునప్పుడు ఈ జాగ్రత్త ఇబ్బడి కావలెను.

1966లో మన దేశమున నెలకొన్న ప్రెస్ కౌన్సిలు, ప్రచురణకు ముందు వార్తను సరిచూడవలెననియు, ఆరోపణకు గురియైనవారి సమాధానము కోరవలెననియు తన నియమములలో చెప్పినది. అయినను అది మందలించునేకాని శిక్షింపజాలదు. టెలివిజను దాని పరిధిలో లేదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ విభాగము పరువునష్టమును నేరముగా ఎంచును. లోకహితమునకై చెప్పిన సత్యమునకు అందు మినహాయింపు కలదు. సత్యమే విలేఖరికి కవచమని దీని తాత్పర్యము.

కాని న్యాయస్థానపు తీర్పు ఆలస్యముగా వచ్చును. ఈలోగా ఆ ఉద్యోగి మరియొక చోట కొలువు కోరిపోయినచో, అతని పేరు వెదకినవారికి ఆ పాతవార్తయే ఎదురగును. మొదటి పుటలో పెద్ద అక్షరములతో చేసిన పొరపాటును లోపలి పుట మూలలో సవరించిన చాలదు. తప్పు ఎచట పడినదో, దిద్దుబాటు అచటనే, అంతే స్పష్టముగా పడవలెను. రేడియోకును ఈ ధర్మము వర్తించును. వినిపించిన వేళకే సవరణయు వినిపింపవలెను.

శ్రోతలకును ఇందు పాలు కలదు. చేతనున్న ఫోనులో వచ్చిన వార్తను పదిమందికి పంపువాడు ఆ క్షణమున తానును ప్రచురణకర్తయే. ఎవరు చెప్పిరి, ఎట్లు తెలిసినది అని ఒక్కమారు అడిగి, సమాధానము దొరకనిచో పంపుట మానుడు. ఒక పూట ఆలస్యమైన వార్త వలన పత్రికకు కలుగు నష్టము స్వల్పము. తొందరపడి వ్రాసిన ఒక్క పంక్తి వలన ఒక కుటుంబమునకు కలుగు నష్టము ఏండ్ల తరబడి తీరకపోవచ్చును.