వేచియుండు వారసురాలు

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగము: గలతీయులకు 4:1-7

 

ఈ దినము ‘వారసుడు’ అను మాటను గూర్చి ధ్యానించుకుందాము. వారసుడు అనగానే మనకు ఏమి గుర్తుకు వస్తుంది? పొలము, ఇల్లు, బంగారము, దస్తావేజులు. ఇక రాజుగారి వారసురాలు అంటే చెప్పనక్కరలేదు. ఆమె ఆడింది ఆట, పాడింది పాట అనుకుంటాము. అయితే అపొస్తలుడైన పౌలు గలతీ సంఘమునకు వేరొక సంగతి చెప్పాడు. ఆస్తి అంతా తనదే అయినా, చిన్నతనములో వారసుడు ఆ ఇంటి దాసునివలెనే ఇతరుల అదుపులో ఉంటాడట. తండ్రి నియమించిన దినము వచ్చువరకు అతడు నేర్చుకోవాలి, లోబడాలి, కనిపెట్టాలి.

ఇది పాతకాలపు మాట అని మీరు అనుకోవచ్చు. కాని నేటి ఐరోపాలో ఒక వారసురాలి జీవితము చూడండి. ఆమె స్వీడన్ దేశపు యువరాణి విక్టోరియా.

మొదటిగా, వారసత్వము సంపాదించుకొనేది కాదు, ఇవ్వబడేది. విక్టోరియా 1977 జూలై 14న జన్మించారు. ఆమె రాజుకు మొదటి బిడ్డ. కాని అప్పటి చట్టము ప్రకారము సింహాసనము మగవారికే. 1979 మే నెలలో తమ్ముడు కార్ల్ ఫిలిప్ పుట్టాడు. అతడే యువరాజు అయ్యాడు. అయితే ఆ దేశపు పార్లమెంటు చట్టము మార్చింది. ఆడపిల్లయైనా మగపిల్లవాడైనా మొదట పుట్టినవారిదే సింహాసనము అని 1980 జనవరి 1 నుండి అమలుచేసింది. ఐరోపా రాజ్యములలో ఇట్లు చేసిన మొదటి దేశము స్వీడన్. తండ్రియైన రాజుకు ఈ పద్ధతి నచ్చలేదు. కుమారునికి ఒకసారి ఇచ్చిన బిరుదును తిరిగి తీసుకొనుట సరికాదని ఆయన అభిప్రాయము. అయినా చట్టము చట్టమే. రెండున్నర ఏండ్ల పాప వారసురాలైంది. ఆమె ఏ పరీక్ష వ్రాసింది? ఏ యుద్ధము గెలిచింది? ఏమీ లేదు. తనకు తెలియకుండానే ఆ స్థానము ఆమెకు ఇవ్వబడింది.

ప్రియులారా, మనము దేవుని పిల్లలమైనది కూడా ఇట్లే కదా! మన మంచితనమును చూచి కాదు, కృపచేతనే.

రెండవదిగా, వారసుడు స్వతంత్రుడు కాడు, నియమము క్రింద ఉన్నవాడు. స్వీడన్ వారసత్వ చట్టము 1810లో వ్రాయబడింది. దాని ప్రకారము సింహాసనమునకు వారసులైనవారు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణములోని సువార్తిక విశ్వాసములో, స్వదేశములోనే పెరగాలి. ఆ విశ్వాసమును విడిచిపెడితే హక్కు పోతుంది. 2000 సంవత్సరములో స్వీడన్ సంఘము ప్రభుత్వమునుండి వేరైనా, రాజ కుటుంబమునకు ఈ నియమము నిలిచియున్నది. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారి సేవను ఎరిగిన మన లూథరన్ సోదరులకు ఈ విశ్వాస ప్రమాణము కొత్తది కాదు. అది వారి సంఘ ప్రమాణమే.

ఇంకా వినండి. వారసురాలు వివాహము చేసుకోవాలంటే ప్రభుత్వము సమ్మతించాలి. విదేశమునకు వెళ్లాలంటే రాజుకు తెలియాలి, ఆయన అనుమతి ఉండాలి. దేశములో సామాన్యుడైన ఒక దుకాణదారుడు తనకు నచ్చిన రాజకీయ పక్షము తరఫున బహిరంగముగా మాట్లాడగలడు; ఆమె మాట్లాడలేరు. చివరకు సింహాసనము ఎక్కినా అధికారము ఉండదు. 1975 నుండి అమలులో ఉన్న రాజ్యాంగము ప్రకారము స్వీడన్ రాజు చట్టములమీద సంతకము చేయడు, ప్రధానమంత్రిని నియమించడు. కిరీటము ఉంది, పెత్తనము లేదు. బాధ్యత ఉంది, ఇష్టారాజ్యము లేదు.

మూడవదిగా, వారసులు కూడా బలహీనులే. విక్టోరియాకు చిన్నతనములో చదువుట కష్టముగా ఉండేది. అక్షరములు గుర్తించుటలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా ఆమెకు ఉంది. మనుషుల ముఖములు గుర్తుపట్టుట కూడా కష్టమేనని ఆమే చెప్పారు. వేలమందిని కలుసుకొనుటే పనియైన మనిషికి ఇది ఎంత భారమో ఆలోచించండి! పద్దెనిమిదేండ్లు నిండిన దినమున, 1995లో, రాజభవనములో అందరి యెదుట నిలబడి మాట్లాడారు. దేశమంతా మెచ్చుకొన్నది. రెండేండ్లు తిరిగేసరికి, 1997లో, ఆమెకు ఆహారమునకు సంబంధించిన మానసిక రుగ్మత ఉన్నదని రాజభవనమే ప్రకటించవలసి వచ్చింది. అద్దాల మేడలో ఉన్న బిడ్డ అన్నము తినలేకపోయింది.

ఇక్కడ ఒక విషయము గమనించండి. ఆ కుటుంబము దానిని దాచిపెట్టలేదు. ‘పరువు పోతుంది, ఎవరికీ చెప్పవద్దు’ అనలేదు. ఆమె వైద్య సహాయము తీసుకున్నారు. 1998లో అమెరికా వెళ్లి యేల్ విశ్వవిద్యాలయములో, తనను ఎవరూ అంతగా గుర్తించని చోట, సామాన్య విద్యార్థినిగా చదువుకున్నారు. కోలుకొని తిరిగి వచ్చారు.

తల్లులారా, తండ్రులారా, మీ ఇంటిలో మౌనముగా నలిగిపోతున్న బిడ్డ ఉన్నదా? అన్నము మానిందా? గది తలుపు వేసుకుంటున్నదా? ‘మా అమ్మాయికి ఏ లోటు లేదు’ అని చెప్పుకొంటూ ఊరుకోవద్దు. ప్రార్థన చేయండి, డాక్టరుగారి దగ్గరకు కూడా తీసుకొని వెళ్లండి. ఈ రెండింటికీ విరోధము లేదు. మార్కులు తెచ్చినప్పుడే బిడ్డ మనకు బిడ్డ కాదు. మంచము పట్టినప్పుడు కూడా బిడ్డయే. ఏడుస్తూ ఈ ప్రసంగము వింటున్న చెల్లీ, నీ విలువ నీ బరువులో లేదు, నీ ర్యాంకులో లేదు. తండ్రి నిన్ను తన బిడ్డగా ఎంచాడు.

నాలుగవదిగా, వేచియుండుట అంటే ఊరకుండుట కాదు. విక్టోరియా తండ్రి కార్ల్ గుస్తాఫ్ రాజు 1973లో సింహాసనమెక్కారు. 2023లో యాభై సంవత్సరములు పూర్తిచేశారు. కూతురు 1980 నుండి వారసురాలే. ఇన్ని సంవత్సరములు ఆమె ఏమి చేశారు? తండ్రి విదేశములకు వెళ్లినప్పుడు ఆయన స్థానములో తాత్కాలికముగా బాధ్యత వహిస్తారు. ఆయన తిరిగి రాగానే మరల తన స్థానములోనికి వెళ్తారు. విదేశాంగ సలహా మండలిలో కూర్చుని దేశ వ్యవహారములు వింటారు. వికలాంగులైన పిల్లలకు, దీర్ఘ రోగములతో ఉన్న పిల్లలకు ఆటపాటల సంతోషము కలుగజేయుటకు 1997లో తన పేర నిధి స్థాపించారు. ఆమె తానే నలిగిపోయిన సంవత్సరము అది! 2003లో సైనికులతో కలిసి ప్రాథమిక శిక్షణ పొందారు. 2024లో, నలభై ఏడేండ్ల వయస్సులో, ఇద్దరు బిడ్డల తల్లియై, ప్రత్యేక సైనిక అధికారి శిక్షణలో మరల విద్యార్థినిగా చేరారు. ‘ఇంకా నా వంతు రాలేదే’ అని సణుగుకొంటూ కూర్చోలేదు.

ఆమె భర్త దానియేలు రాజవంశీయుడు కాడు, వ్యాయామశాల నడిపిన మనిషి. వివాహమునకు ముందు సంవత్సరము, 2009లో, ఆయనకు మూత్రపిండము మార్చవలసి వచ్చింది. ఎవరిచ్చారు? కన్నతండ్రే తన శరీరములోనుండి ఇచ్చాడు. 2010 జూన్ 19న స్టాక్‌హోమ్ పెద్ద దేవాలయములో ఆ కుమారుడు పెండ్లికుమారుడుగా నిలబడ్డాడు. తండ్రి ఇచ్చినదానితో బ్రదుకుతున్న కుమారుడు! విశ్వాసికి ఇంతకంటె దగ్గరి పోలిక ఏమి కావాలి?

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఇప్పుడు మన సంగతి ఆలోచించుకుందాము. మన ఇండ్లలో వారసత్వము అంటే తగాదాలు. తండ్రి బ్రదికియుండగానే గట్టు దగ్గర కొలతలు, కోర్టు వాయిదాలు. మన క్రైస్తవ కుటుంబములకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టము, వీలునామా లేనప్పుడు, కుమారునికీ కుమార్తెకూ సమాన భాగమే ఇచ్చింది. అయినా ‘కట్నమిచ్చి పంపాము కదా, ఇంకేమిటి?’ అని ఆడబిడ్డ నోరు మూయించే విశ్వాసులు లేరా? సంఘములో సైతము పెద్దల కుర్చీ నాదంటే నాదని పోట్లాట. భాగము అడుగుట మనకు బాగా తెలుసు. భారము మోయుట తెలియదు.

దేవుని వారసుడవైతే నీ తండ్రి పని ఎరిగియున్నావా? నీ వంతు రానప్పుడు కూడా నమ్మకముగా ఉంటావా? ఒక దినము అప్పగించి, మరుసటి దినము తిరిగి తీసుకొంటే సంతోషముగా ఇచ్చివేయగలవా? ఈ రాత్రి నిన్ను నీవే పరీక్షించుకో.

ప్రార్థన చేద్దాము.

పరలోకమందున్న మా తండ్రీ, మేము అర్హులము కాకపోయినా మమ్మును నీ పిల్లలుగా చేసుకొన్నందుకు స్తోత్రములు. భాగము కొరకు పోరాడే మనస్సు తీసివేసి, సేవ చేసే మనస్సు దయచేయుము. నలిగిన బిడ్డలను, వారి తల్లిదండ్రులను ఆదరించుము. నీవు నియమించిన దినము వరకు ఓర్పుతో కనిపెట్టుటకు మాకు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.